ఒక్కసారక్క కుర్చీ

ఆరేళ్ళ పిల్లల కొలతకు చేసిన కుర్చీలోంచి యాభై రెండేళ్ళ మనిషి లేస్తే, కుర్చీ నేల మీద ఉండిపోవాలి. ఆ మంగళవారం ఉదయం పదకొండుంపావుకు అలా జరగలేదు. మనిషి లేచింది, కుర్చీ కూడా లేచింది. అప్పుడే గదిలోకి అడుగుపెట్టిన ఆఫీసరు ఎదుట, నాలుగు కాళ్ళూ వెనక్కి చాచి, అది ఆమెను అంటిపెట్టుకుని ఉంది. ఆమె రెండు చేతులతో కిందికి నెట్టి చూసింది. కదల్లేదు. గట్టి టేకు కర్ర. చేసినవాడు ఆమె మొగుడే. ఏనుగెక్కినా ఊడదని పూచీ ఇచ్చి మరీ చేశాడు.

ఆమె మళ్ళీ కూర్చుంది. ఇంకేం చేస్తుంది?

ఊరంతా ఆమెను ఒక్కసారక్క అంటారు. ఇళ్ళలో దెబ్బలు తినే పిల్లలకూ, వాళ్ళను వెంటబెట్టుకుని బయటపడ్డవాళ్ళకూ అండగా ఉండే ఒక చిన్న సంస్థకు ఆమె పెద్ద. ఆమె కింద ఐదుగురు. పోలీసు స్టేషన్‌కు తోడు వెళ్ళడం, ఆసుపత్రి బల్ల మీద పక్కన కూర్చోవడం, కోర్టులో ఏమేం అడుగుతారో ముందే చెప్పి గుండె దిటవు చేయడం, బడి మారే కాగితాలు రాసిపెట్టడం వాళ్ళ పని. చెప్పుకుంటే ఇంతే. చేస్తేగానీ ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పి పుడుతుందో తెలియదు.

సంస్థ ఉండేది ఒక పళ్ళ డాక్టరు ఖాళీ చేసిన మూడు గదుల్లో. ఆయన వెళ్ళిపోయి పన్నెండేళ్ళయినా దవడ పట్టుకుని వచ్చేవాళ్ళు ఇంకా ఆగలేదు. అక్క వాళ్ళను కసరదు. సొరుగులోంచి రెండు లవంగాలు తీసిచ్చి, కొత్త డాక్టరు ఎక్కడున్నాడో చెప్పి పంపుతుంది. సంస్థ ఏం చేస్తుందో ఊళ్ళో సగం మందికి తెలియదు గానీ అక్కడ లవంగాలు దొరుకుతాయని మాత్రం అందరికీ తెలుసు.

డాక్టరు ఎక్స్‌రే తీసే గదికీ పక్క గదికీ మధ్య ఒక అద్దం ఉంది. అక్క ఆ గదులు అద్దెకు తీసుకున్నదే ఆ అద్దం చూసి. ఇటు గదిలో పిల్ల, పిల్లతో మాట్లాడే మనిషి ఒక్కరు. అటు గదిలో వినాల్సిన పెద్దలంతా. మాట స్పీకరులో వినబడుతుంది. పిల్ల చెప్పేది ఒక్కసారే చెబుతుంది. పోలీసుకోసారి, డాక్టరుకోసారి, ఆఫీసరుకోసారి, ఆఫీసరు భోజనానికి వెళ్ళొచ్చాక ఇంకోసారి చెప్పే పద్ధతి అక్కడ లేదు. "ఒక్కసారి" అని ఆమె ఎన్నిసార్లు అన్నదంటే, అదే ఆమె పేరైపోయింది.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. అంతకుముందు ఆమె కోర్టులో టైపిస్టు. తలెత్తకుండా కొట్టడమే ఉద్యోగం. ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడి వాంగ్మూలం ఆమె చేతుల మీదుగానే పదకొండుసార్లు టైపయింది. మొదటిది నాలుగు పేజీలు. రెండోది రెండున్నర. ఏడోది అర పేజీ. పదకొండోది ఒకే ముక్క: ఏమీ జరగలేదు. ఆ ముక్కను పట్టుకుని వాణ్ణి దెబ్బలు తిన్న ఆ ఇంటికే పంపించారు. ఆమె పదకొండు కాగితాలూ వరసగా పేర్చి చూసుకుని, మధ్యాహ్నం సెలవు చీటీ రాసి, మళ్ళీ ఆ మిషను ముందు కూర్చోలేదు. ఇంట్లో అత్తగారు మాత్రం ఇప్పటికీ వచ్చినవాళ్ళతో "మా కోడలు కోర్టులో పనిచేసేది" అనే చెబుతుంది. ఇప్పుడు చేసే పని చెబితే వాళ్ళు తమ ఇళ్ళ సంగతులు ఎత్తుతారని ఆవిడ భయం. నిజమే, ఎత్తుతారు.

ఇక కుర్చీ సంగతి. అక్కకు ఇంకో నియమం ఉంది. పిల్లతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళ కళ్ళు పిల్ల కళ్ళకంటే ఎత్తున ఉండకూడదు. పాత ముక్కాలి పీటలు అరిగి, కూర్చుంటే ఒక పక్కకు ఒరిగేవి. ఎనిమిది నెలలు పోరితే మొగుడు రెండు కుర్చీలు చేసి తెచ్చాడు. కొలత సరిగ్గానే ఉంది, చేతులు మాత్రం ఎక్కువ. చేతులెందుకు పెట్టావంటే, చేతుల్లేనిది పీట అవుతుందిగానీ కుర్చీ ఎలా అవుతుందన్నాడు. వడ్రంగితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఆ ఉదయం ఆమె కూర్చోబోతే కొంచెం బిగుతనిపించింది. దిగింది కదా, వస్తుందిలే అనుకుంది.

ఎదురుగా ఎనిమిదేళ్ళ పిల్ల. కుడిచేతికి కట్టు, ఏడాదిలో ఇది రెండోది. మెట్ల మీంచి పడిందని తండ్రి చెప్పాడు. తల్లీ అదే చెప్పింది, నేల చూస్తూ. ఇంటికి ఉన్నవి మూడే మెట్లు. పిల్ల పిన్ని ఆ మెట్లు లెక్కపెట్టుకుని వచ్చి ఫిర్యాదు ఇచ్చింది. తల్లీబిడ్డలు పిన్ని ఇంటికి వెళ్ళాలా, తండ్రితో తిరిగి ఇంటికే వెళ్ళాలా అన్నది ఆ సాయంత్రం లోపల పిల్లల సంక్షేమ ఆఫీసరు సంతకం చేసి తేల్చాలి. ఆయన ఈ పనికి కొత్త. మణికట్టు చూసుకోకుండా మూడు మాటలు మాట్లాడలేడు కాబట్టి సంస్థకు వచ్చే పిల్లలంతా గడియారం సారనేవారు. తండ్రి అంతకుముందు రోజే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన్ను కలిసి వచ్చాడు. ఎంతో మర్యాదస్తుడిలా ఉన్నాడే అని గడియారం సారు అక్కతో అన్నాడు. చొక్కా మర్యాదగానే ఉందండీ అంది అక్క.

పిల్ల పది నిమిషాలు మాట్లాడలేదు. ఇరవై, నలభై నిమిషాలైంది. రంగు పెన్సిళ్ళు ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చోలేదు. తలుపు పక్క గోడకు వీపు ఆనించి, అక్క చేతుల వంకే చూస్తూ నిలబడింది. అక్క చెయ్యి జరిపితే పిల్ల భుజం జరిగేది. అద్దం వెనక గడియారం సారుకు ఓపిక అయిపోయింది. నేను అడిగితే రెండు నిమిషాల్లో చెబుతుందంటూ, ఆపబోయిన, సంస్థలో పిల్లలకు ధైర్యం చెప్పే కౌన్సెలరు అమ్మాయిని దాటుకుని వచ్చి తలుపు తోశాడు. పిల్ల గోడలో కలిసిపోయేంత పని చేసింది. ఆయన్ను అడ్డుకుందామని అక్క లేచింది.

ఆ తర్వాతిది మొదట్లోనే చెప్పుకున్నాం.

పన్నెండేళ్ళుగా ఆమె చాలామంది ఆఫీసర్లను గుమ్మంలోనే ఆపింది. కుర్చీలో ఇరుక్కుని ఆపడం ఇదే మొదలు. ముఖం మాత్రం చెక్కుచెదరలేదు.

"సార్, మీరు అద్దం వెనక్కి వెళ్ళండి. నేను లేచి తలుపు వెయ్యలేను, మీరే వేసుకుని వెళ్ళండి."

సర్వీసులో ఎవరూ ఆయన్ను తలుపు వేసుకోమని ఉండరు. ఆ ఆశ్చర్యంలో వేసుకునే వెళ్ళాడు.

పిల్ల గోడను వదిలి ఒక అడుగు ముందుకు వచ్చి, వంగి కుర్చీ చేతుల వంక చూసింది.

"లేవలేవా?"

నవ్వేసి మాట తప్పించవచ్చు. అద్దం వెనక ఆఫీసరూ, పోలీసు మనిషీ, తన కింద పనిచేసే ఇద్దరూ వింటున్నారు. అక్కకు చెవులు వేడెక్కాయి. అయినా ఈ గదిలో అబద్ధం ఆడకూడదని నియమం పెట్టిందీ ఆమే.

"లేవలేనమ్మా."

పిల్ల నమ్మలేదు. పెన్సిళ్ళ డబ్బా తీసి గది ఆ మూలకు విసిరింది. తెమ్మన్నట్టు చూసింది. అక్క ప్రయత్నించింది. కుర్చీతో సహా జానెడు లేచి, దబ్బున కూలబడింది. అద్దం అవతల ఎవరో దగ్గు నొక్కుకున్నారు. పిల్ల తలుపు తీసి చూసి, మళ్ళీ వేసింది. రెండో కుర్చీని ఈడ్చుకొచ్చి గుమ్మానికి దగ్గరగా వేసుకుంది. కూర్చుంది. కాసేపాగి ఇంకో మూరెడు ఇటు జరిపింది.

"కోపం వచ్చినా లేవలేవా?"

"వచ్చినా లేవలేను."

అప్పుడు చెప్పింది. గంటా పది నిమిషాలు చెప్పింది, మెట్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి, పోయిన ఏడాది విరిగిన చేయి దాకా. అక్క నాలుగంటే నాలుగు ప్రశ్నలు అడిగింది. మిగతాదంతా విన్నది. నడుము కింది భాగం తనదో కుర్చీదో తెలియకుండా పోయినా కదల్లేదు. అద్దం వెనక గడియారం సారు నిలబడే విన్నాడు. ఆయన గడియారం చూసుకోలేదని కౌన్సెలరు అమ్మాయి తర్వాత ప్రత్యేకంగా చెప్పింది. వాళ్ళ లెక్కలో అది పెద్ద వార్త.

మూడింటికి ఆయన సంతకం పెట్టాడు, పిన్ని ఇంటికి పంపమని. ఎవరి చేతా పిల్లను మళ్ళీ ఏమీ అడిగించలేదు. బయట బల్ల మీద దవడ నొప్పి మనిషి పక్కన కూర్చుని ఉన్న తల్లికి ఆ మాట అక్క స్వయంగా వెళ్ళి చెప్పలేకపోయింది కాబట్టి, తల్లినే లోపలికి పిలిపించింది. ఆవిడ తన బట్టలు ఇంటి దగ్గరే ఉన్నాయంది. పోలీసును వెంటబెట్టుకుని రేపు మనం వెళ్ళి తెచ్చుకుందాం, మూడే మెట్లు కదా అంది అక్క. ఆవిడ నవ్వబోయి ఏడ్చింది.

నాలుగింటికి మొగుడు రంపం పట్టుకుని వచ్చాడు. వచ్చినవాడు ముందు పెళ్ళాం చుట్టూ కాదు, కుర్చీ చుట్టూ తిరిగాడు. అతుకులు నొక్కి చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదని మురిసిపోయాడు.

"దీన్ని కొయ్యాలంటే చెయ్యి రావట్లేదే," అన్నాడు.

"అయితే నన్ను కొయ్యండి."

రెంటిలో ఏది తేలికో ఆయన ఆలోచించిన మాట వాస్తవం. పాతికేళ్ళ కాపురం కాబట్టి కుర్చీనే కోశాడు. కుడిచెయ్యి ఊడి వచ్చింది. పిన్ని వేలు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న పిల్ల, తన కట్టు చేతినీ, కుర్చీ కోసిన చేతినీ మార్చి మార్చి చూసి, దానికీ కట్టు కట్టమంది. వడ్రంగి మారుమాట్లాడకుండా పాతగుడ్డ చుట్టి ముడి వేశాడు. ఆ గుడ్డ ఇప్పటికీ అలాగే ఉంది. తుడిచే మనిషి విప్పబోతే అక్క ఒప్పుకోలేదు.

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గడియారం సారు నివేదికలో సంస్థ పనితీరు సంతృప్తికరంగా ఉందని ఒక వాక్యం, దాని కింద ఫిర్యాదు ఒక పేరా. తాను గదిలోకి వచ్చినప్పుడుగానీ, వెళ్ళినప్పుడుగానీ, సంతకం పెట్టినప్పుడుగానీ సంస్థ అధిపతి గౌరవసూచకంగా లేచి నిలబడలేదని, పైపెచ్చు తన చేత తలుపు వేయించిందని, దీనికి సంజాయిషీ ఇప్పించాలని. కౌన్సెలరు అమ్మాయి బెంబేలెత్తి, క్షమాపణలతో రెండు పేజీలు రాసి తెచ్చింది. అక్క వాటిని మడిచి లవంగాలు పొట్లం కట్టడానికి పక్కన పెట్టింది. ఆఫీసు మూలనున్న పాత టైపు మిషను ముందుకు లాక్కుని, తలెత్తకుండా ఒకే ఒక్క వాక్యం కొట్టింది:

"నేను లేచాను, నాతోపాటు కుర్చీ కూడా లేచింది, ఇంతకు మించిన మర్యాద మా ఆఫీసులో లేదు."