కాళ్లు తిరగబడిన బొమ్మ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను జనగామలో విలేకరిని. పగలంతా దీక్షా శిబిరాలు, రాస్తారోకోలు, వంటావార్పులు. వార్తలు పంపాక మిగిలే సరదా ఒక్కటే, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు కట్టుకోవడం. ఇంట్లో ఎవరైనా చేసుకోగల పరికరాల గురించి మా పత్రిక వారపు పేజీలో నెలకోసారి రాసేవాణ్ని కూడా.

ఆ పని నేర్పింది మహబూబాబాద్ స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన. చాచా అని పిలిచేవాణ్ని. ట్రాన్సిస్టర్ అనే మూడు కాళ్ల ముక్క చిన్న కరెంటును పెద్దగా చేస్తుందని నేనంటే ఆయన నవ్వాడు.

"పెద్దగ చేసుడేంది సాబ్? రైల్వే గేటు చూడు. లారీని గేటుమన్ గుంజుతుండా? లారీకి దాని ఇంజనుంది. గీయన జర చెయ్యి తిప్పితె గేటు లేస్తది, లారీ పోతది. గంతే."

బ్యాటరీ కరెంటు కలెక్టర్ అనే కాలి దగ్గర ఆగి ఉంటుంది. బేస్ అనే కాలికి ఇంత కరెంటు అందితే దారి తెరుచుకుంటుంది. ఆగి ఉన్నదంతా మూడో కాలు ఎమిటర్ గుండా వెళ్లిపోతుంది. బలం బ్యాటరీది, ట్రాన్సిస్టర్‌ది గేటు పని మాత్రమే. ఇంతకన్నా తేలికగా చెప్పిన వాళ్లను నేను చూడలేదు.

ఆ లెక్కనే పొలంలో మడి నిండితే మోగే బెల్ గురించి రాశాను. రెండు తీగలను నీళ్లు తాకితే వాటి గుండా కొంచెం కరెంటు బేస్‌కు చేరుతుంది, బెల్ మోగుతుంది. నేను కట్టింది మోగింది. ట్రాన్సిస్టర్ కాళ్ల బొమ్మ మాత్రం తర్వాత ఒక విడిభాగాల కేటలాగు చూసి గీశాను. అర పేజీ అచ్చయింది.

రెండు వారాలకు కాటారం నుంచి ఉత్తరం. ఇంటర్ చదివిన అమ్మాయి. "మీరు గీసినట్టే చేశాను. మోగడం లేదు. ఇది మోగితే నన్ను ఐటీఐలో చేర్పిస్తానని మా బాపు మాటిచ్చాడు. నాకు ఎలక్ట్రానిక్స్ పని నేర్చుకోవాలని ఉంది. తప్పెక్కడుందో చెప్పగలరు" అని రాసింది.

శిబిరానికి వెళ్లే తొందరలో కార్డు మీద జవాబు రాసి పడేశాను. "బొమ్మ సరిగానే ఉంది. ముందు కాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోండి."

తర్వాత చాచాకు ఆ పేజీ చూపించాను, మెచ్చుకుంటాడని. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు.

"సాబ్, ఈ బొమ్మ ట్రాన్సిస్టర్‌ను బోర్లేసి, కాళ్లు మన దిక్కు పెట్టి గీసింది. నువ్వేమో పై నుంచి చూస్తే అని రాసినవ్. బేస్ నడుమ ఉన్నది గనుక అది సరిపోయింది. కలెక్టరు, ఎమిటరు ఉల్టా అయినయ్. గిట్ల పెడితె గేటు జానెడు గూడ లేవది. ఎంతమంది పరేషాన్ అయిండ్రో!"

డెస్క్‌కు ఫోన్ చేసి సవరణ వేయమన్నాను.

"గిప్పుడా అన్నా? లాఠీచార్జి ఫొటోకే జాగ లేదు" అన్నాడు అవతలి మనిషి.

మూడో వారం పేజీ అడుగున రెండు వాక్యాలు వచ్చాయి. ఆరోజు బంద్. పేపర్ కట్టలు కాటారం దాకా పోనేలేదు. ఈలోగా నేనే ఆమెకు ఇంకో కార్డు రాసి ఉండాల్సింది. అచ్చయ్యాక పంపుదామని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ అమ్మాయి ముందు ఒప్పుకోవడం కష్టమైంది.

బస్సులు తిరగడం మొదలయ్యాక సవరణ ముక్క జేబులో పెట్టుకుని బయల్దేరాను. చెల్పూర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటి, భూపాలపల్లిలో బస్సు మారి, మధ్యాహ్నానికి కాటారం చేరాను. అమ్మాయి తండ్రి వాకిట్లో మోటారు పైపుకు రబ్బరు చుడుతున్నాడు. నేనెవరో చెప్పి ముక్క చేతికిచ్చాను. చదివి, లోపలికి వెళ్లి పాత పేజీ తెచ్చి, అరుగు మీద కూర్చుని పక్కన పెట్టుకున్నాడు.

"తప్పేమో గింత పెద్దగ అచ్చేస్తిరి. సవరణ గింతేనా సార్?"

లోపలి నుంచి అమ్మాయి వచ్చి ముక్క అందుకుని చదివింది. అటక మీది డబ్బా దించి బెల్ తీసింది. ట్రాన్సిస్టర్‌ను ఊడదీసి, అటుదిటు తిప్పి, కాళ్లకు తీగలు మెలిపెట్టింది. తీగల కొసలు నీళ్ల గ్లాసులో ముంచగానే గట్టిగా మోగింది.

"మోగింది బాపు."

"మోగె. కని ఐటీఐ దరఖాస్తుల గడువు మొన్న సోమారమే పాయె గద బిడ్డా."

ఆ మాటకు ఆమె నావైపు చూడలేదు. గూట్లోంచి నా కార్డు తెచ్చి ముందు పెట్టింది.

"దీన్ని గూడ సవరించుండ్రి సార్. 'పేపరాయనే రాసిండు, మా పిల్లకు కాళ్లు గుర్తువట్టుడు రాదట' అని బాపు వాడకట్టంత ఇంటింటికి చదివి వినిపిచ్చిండు."

కార్డు మీద జాగా లేదు. నా వాక్యాలు కొట్టేసి, అంచు వెంట అడ్డంగా రాశాను. బొమ్మ తప్పు, తప్పు నాది, ఈ అమ్మాయి చేసింది సరిగానే ఉంది. కింద సంతకం పెట్టాను. తండ్రి అందుకుని కార్డు తిప్పి తిప్పి చదివాడు.

"ఇది గూడ వాడకట్టుకు చదవాల్నా?"

"చదువు బాపు. గప్పుడు చదివినట్టే, గట్టిగ."

"వచ్చే యేడు సంగతి వచ్చే యేడు జూద్దం" అన్నాడాయన, ఆమె అడగని దానికి. కార్డు అంగీ జేబులో పెట్టుకున్నాడు గానీ చదివి వినిపించడానికి అరుగు మీది నుంచి లేవలేదు.

బెల్ ఇంకా మోగుతూనే ఉంది. ఆమె తీగలు గ్లాసులోంచి తీసి, చున్నీ కొసతో తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేసింది.