లైటు ముందు అరగంట

మార్చి నెలలో, అదీ ఆర్మూర్‌లో, ఒక మనిషి వెలుతురు కోసం కరెంటు పెట్టె కొనుక్కున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. ఆ రోజుల్లో ఊరి చుట్టూ ఏ ఖాళీ జాగా చూసినా ఉడకబెట్టిన పసుపు ఎండుతూ ఉంటుంది. మధ్యాహ్నం పూట రోడ్డు దాటాలంటే తల మీద తువ్వాల వేసుకోవాలి. అంత ఎండను బయట వదిలేసి, తలుపు గడియ పెట్టుకుని, పుస్తకమంత తెల్లటి లైటు ముందు రోజూ పొద్దున అరగంట కూర్చున్న మనిషిని నేనే. మా పిండి గిర్ని పక్కన చాయ్ హోటల్ ఆయన నా మొహం మీదే అన్నాడు.

"ఎండాకాలంల ఎండ కొనుక్కున్న మొగోనివి నువ్వొక్కనివే ఉంటవ్."

నేనూ నవ్వాను. లోపల మాత్రం మండింది. నా అలసట సంగతి అతనికేం తెలుసు అనుకున్నాను.

రెండేళ్ల కింద ఒక జ్వరం వచ్చింది. జ్వరం పదిరోజుల్లో పోయింది, నీరసం మాత్రం ఉండిపోయింది. పొద్దున స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకున్నాక మంచం మీద కూర్చుని ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చేది. రాత్రంతా పడుకుని లేచినా, అప్పుడే బరువులు మోసి వచ్చినట్టు ఉండేది. నిజామాబాద్‌లో రక్తం తీశారు, ఫొటోలు తీశారు. అన్నీ బాగున్నాయన్నారు. రిపోర్టులు బాగున్న మనిషికి జబ్బుందని ఎవరు నమ్ముతారు? చూడ్డానికి దిట్టంగా ఉంటాను. "ఏమైంది నీకు, మంచిగున్నవ్ గద," అనేవాళ్లు అందరూ. ఒళ్లు దాచుకుంటున్నాడని నా వెనక అనుకునేవాళ్లేమో. అనుకునే ఉంటారు.

నాది పిండి గిర్ని. మార్కెట్‌కు పోయే దారిలో ఒక షట్టర్, అందులో ఒక మోటరు, రెండు మరలు. పసుపు కాలంలో ఏడాదికి సరిపడా పసుపు పట్టించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు. మా దగ్గర మనుషులు వరుసలో నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. వచ్చినవాళ్లు తమ డబ్బాను వరుస చివర పెట్టి బజారు పనులకు పోతారు. ఏ డబ్బా ఎవరిదో గుర్తుకు ఒకరు మూతకు ఎర్ర రంగు పూస్తారు, ఇంకొకరు పిడికి పాత చీర పేలిక కడతారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి పట్టి పెట్టడం నా పని. డబ్బా ఎత్తి మరలో పోయడం, నిలబడి చూసుకోవడం, పిండి ఎత్తడం. ముందు పసుపు, పొద్దు వాలాక మిరపకాయలు.

మూడేళ్ల కింద దాకా నా భార్య కూడా నాతో పాటు గిర్నిలో చేసేది. ఆమెకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉంది. ఒక మిరపకాయల సీజన్లో ఊపిరి అందక నేల మీద కూర్చుండిపోయింది. దవాఖానలో రెండు రోజులు ఉంచారు. పంపించేటప్పుడు డాక్టరు నా వైపు తిరిగి, ఈమె ఇక గిర్నిలో అడుగు పెట్టకూడదు, ఆ దుమ్ము ఈమె ప్రాణానికే ముప్పు అన్నాడు. నేను సరేనన్నాను. అప్పటి నుంచి ఒక్కణ్నే. అందుకే నా నీరసం నాకు భయం. నేను కూలబడితే షట్టరన్నా దించాలి, లేకపోతే ఆమె లోపలికి రావాలి. మరో దారి లేదు.

కిందటి చలికాలంలో ఒక చిన్న వయసు డాక్టరు, వేరే మందులేం లేవు గాని కొందరు పొద్దున్నే గట్టి వెలుతురు ముందు కూర్చుని చూస్తున్నారు, మీరూ ఒక నెల చూడండి, పని చేస్తుందని మాత్రం చెప్పలేను అన్నాడు. ఆయన మాటలో చివరి ముక్క నేను చెవిన పెట్టలేదు. ఫోన్లో చూసి లైటు తెప్పించాను.

ఎండలో కూర్చుంటే సరిపోదా అని నా భార్య అడిగింది. ఎండ ఒక రోజు ఉన్నట్టు ఒక రోజు ఉండదు, దీనికి కొలత ఉంటుంది అని ఏదో చెప్పాను. అది అబద్ధం. పసుపు పనుల్లో ఊరు ఊరంతా పరుగెత్తుతున్నప్పుడు, నలభై ఆరేళ్ల మగవాణ్ని, ఇంటి ముందు ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుంటే దారిన పోయే ప్రతివాళ్లూ చూస్తారు. లైటైతే తలుపు వేసుకోవచ్చు. నేను కొనుక్కున్నది వెలుతురు కాదు, తలుపు అని ఇప్పుడు అనిపిస్తుంది.

పద్ధతిగానే మొదలుపెట్టాను. ఆరున్నరకు లేచి లైటు వేసుకునేవాణ్ని. మూరెడు దూరంలో కూర్చునేవాణ్ని, దాని వైపు సూటిగా చూడకుండా కొంచెం పక్కకు. లేవగానే కాసేపు కళ్లు చెమర్చేవి. అయ్యాక మళ్లీ నడుం వాల్చి, తిని, తొమ్మిదింటికి గిర్ని తెరిచేవాణ్ని. నా భార్య అప్పటికే ఇంట్లో ఉండేది కాదు. పొద్దున్నే నడిస్తే దమ్ముకు మంచిదని ఎవరో చెప్పారట, ఆరింటికే సిద్ధుల గుట్ట వైపు పోయి ఎనిమిదిన్నరకు వచ్చేది. ఇద్దరం ఎవరి వైద్యం వాళ్లం చేసుకుంటున్నామని నేను సంతోషపడ్డాను.

పది రోజులకు గుణం కనిపించింది. అంతకుముందు మధ్యాహ్నానికి గోనెసంచుల మీద పడుకునేవాణ్ని, సాయంత్రానికి కూడా డబ్బాల వరుస అయిపోయేది కాదు. ఇప్పుడు రెండింటికల్లా వరుస ఖాళీ. నేను ఇంకా నిలబడే ఉన్నాను. వరుస అయిపోయిందా లేదా అన్నదొక్కటే నా కొలత. పొద్దున నేను వచ్చేసరికి ఆ వరుస ఎంత పొడుగు ఉందో మాత్రం చూడలేదు. గోడ పక్కన పట్టి ఉన్న డబ్బాలు నిన్నటివే అనుకున్నాను, గిరాకీ కొంచెం బజార్లో కొత్తగా పెట్టిన గిర్నికి పోతుందేమో అనుకుని ఊరుకున్నాను.

అక్కడితో ఆగలేదు. గొప్పలకు పోయాను. హోటల్ ఆయనకు, పసుపు పట్టించుకోవడానికి వచ్చేవాళ్లకు, అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు లైటు గురించి చెప్పడం మొదలుపెట్టాను. మెదడుకు పొద్దు ఎప్పుడైందో తెలియాలి, మన ఒంట్లో గడియారం తప్పిపోతే ఇట్లా నీరసం వస్తుంది అంటూ నేనే డాక్టరునైనట్టు మాట్లాడాను. ఒక పొద్దున ఆలస్యంగా లేచి నేనింకా లైటు ముందు ఉండగానే నా భార్య తిరిగి వచ్చి వాకిట్లో దగ్గడం మొదలుపెట్టింది. తెరలు తెరలుగా ఆగకుండా దగ్గింది. నేను లోపలి నుంచి, "జర అవుతలికి పోయి దగ్గు, ఇంక ఐదు నిమిషాలున్నది," అన్నాను. దగ్గు పెరటి వైపు పోయింది. ఇది కూడా రాయాలి.

ఒక సాయంత్రం హోటల్ ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు రైతులు బెంచీ మీద ఉన్నారు. "నాలుగు వారాల కింద నేను పీనుగును. ఇయ్యాల చూడుండ్రి, వరుస మొత్తం పట్టిన, జర కూడ అలుపు లేదు," అని నేను చెప్తున్నాను. అప్పుడే ఒక ముసలమ్మ తన డబ్బా కోసం వచ్చింది. పొద్దున భీమ్‌గల్ నుంచి మొదటి బస్సుకు వచ్చి, దవాఖాన పని చూసుకుని తిరిగి పోతోంది. మూత తీసి పొడి రెండు వేళ్ల మధ్య రుద్ది చూసుకుంది.

"మస్తు మెత్తగ పట్టింది నీ పెండ్లాం," అంది. "గని కొడుకా, పిల్లకు దమ్ము జోరుగొస్తున్నది. నా ఒక్క డబ్బా పట్టేటాల్లకు రెండు సార్లు బయటికొచ్చి మెట్ల మీద కూసున్నది. నాకు భయమైంది. ఎవ్వలన్న డాక్టరుకు సూపియ్యి."

బెంచీ మీదివాళ్లు నా వైపు చూశారు. హోటల్ ఆయన చాయ్ గ్లాసులోకి చూశాడు. అతనికి ముందే తెలుసని ఆ చూపుతోనే అర్థమైంది. పొద్దున ఆరింటికి అతని పొయ్యి వెలుగుతుంది, మా షట్టరు లేస్తే అతనికి వినపడదా? నా భార్యే చెప్పొద్దని అడిగి ఉంటుంది.

ఆ క్షణంలో నేను చేసిన పని ఇది. "నేనే పట్టుమన్ననవ్వా, గీ వారం పని ఎక్కువున్నదని," అన్నాను. నాకు తెలియదని ఒప్పుకుంటే పిచ్చివాణ్నవుతాను. అందుకని తెలిసి పంపించినవాణ్నయ్యాను. రెండింట్లో అది మేలనిపించింది నాకు. ముసలమ్మ డబ్బా నెత్తిన పెట్టుకుని పోయింది.

ఇంటికి పోయి అన్నానికి కూర్చున్నాను. "ఇయ్యాల ఎట్లున్నది పానం?" అని నా భార్య రోజూ అడిగినట్టే అడిగింది. మంచిగనే ఉన్నదన్నాను. ఆమె మొహంలో సంబరం చూసి తల దించుకుని తిన్నాను.

తెల్లవారి ఆమె బయటికి పోయాక లేచాను. లైటు వేయలేదు. గిర్ని దాకా నడిచాను. పావుగంట దారి. సగంలోనే కాళ్లు వణకడం మొదలైంది. నాలుగు వారాల్లో నాకు వచ్చిందనుకున్న బలం ఎంతో ఆ సగం దారిలోనే తేలిపోయింది. దూరం నుంచే మా మర చప్పుడు వినిపించింది. అది ఎవరి మరో తెలుసుకోవడానికి నేను షట్టరు చూడక్కర్లేదు. గిర్ని దాకా పోయి మెట్ల మీద కూలబడ్డాను.

కాసేపటికి చప్పుడు ఆగింది. ఆమె ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ బయటికి వచ్చింది. కనుబొమ్మలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ పసుపు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. నన్ను చూసి బెదిరింది.

"ఏమైంది? లైటు ముందర కూసోలేదా ఇయ్యాల?" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంతదాకా దాచిపెట్టాను. ముసలమ్మ చెప్పినప్పుడు నాకు కొత్తగా తెలిసిందన్నట్టు రాశాను గాని, అది నిజం కాదు. అంతకు రెండు వారాల ముందు ఒక పొద్దున గిర్ని తెరవగానే దేనికో మోటరు మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. రాత్రంతా ఆగి ఉన్న మోటరు తొమ్మిదింటికి వేడిగా ఎందుకుంటుందో, ఇరవై ఏళ్లుగా దాన్ని నడుపుతున్నవాడికి తెలియదా? చెయ్యి తీసేశాను. షట్టరు లోంచి ఎండ పడిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. మరునాటి నుంచి పని మొదలుపెట్టేముందు మోటరును ముట్టుకోలేదు. లైటు పని చేస్తోంది, నేను మంచిగవుతున్నాను. అది చెడిపోవడం నాకు ఇష్టం లేదు.

ఇదంతా ఆమెకు చెప్పాను. మెట్ల మీద కూర్చునే, ఆమె కాళ్ల వైపు చూస్తూ చెప్పాను. "నాకెర్క అయ్యింది. రెండు వారాలాయె. తెల్వనట్టు ఉన్న," అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. ఊపిరి కూడదీసుకుని నా పక్కన కూర్చుంది.

"నాకు తెలుసు. రోజూ అడిగేటోనివి గద, గుట్ట దాక పోయినవా, దమ్మొచ్చిందా అని. ఒకనాటి నుంచి అడుగుడు బంద్ జేసినవ్. అడుగుతలేడంటే, పట్టుమన్నట్టే అనుకున్న."

తల ఎత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు. రోడ్డు మీద నుంచి ఇద్దరు ఆడవాళ్లు డబ్బాలతో వచ్చి వరుస చివర పెట్టి, మమ్మల్ని ఒకసారి చూసి బజారుకు పోయారు. లేచి లోపలికి పోవాల్సింది నేను. పోదామనే అనుకున్నాను. చేతులు మెట్టు మీద ఆనించాను, కాళ్లు కూడదీసుకున్నాను. నేను లేచి నిలబడేలోపే ఆమె గుడ్డ మళ్లీ ముక్కుకు కట్టుకుంది.