తిన్నె మీద రెండు చెంబులు

ఆడి నెల అమావాస్యకు మా ఇంట్లో పోయిన పెద్దోళ్ళకు ఆకులేసి అన్నం పెడతాము. లోపలవి మావాళ్ళకు. బయట తిన్నె మీద ఇంకో రెండాకులు, రెండు చెంబుల నీళ్ళు. అవి విమానం పిల్లోళ్ళకు.

యుద్ధకాలంలో రెండింజన్ల చిన్న విమానమొకటి మా నల్లరేగడి చేలో పొట్ట మీద దిగింది. దాంట్లోంచి ఇద్దరు తెల్ల పిల్లోళ్ళు మా వాకిట్లోకొచ్చి, చెయ్యి నోటికి పెట్టి నీళ్ళడిగినారంట. జపానువాడే వచ్చేసినాడని అమ్మమ్మ తలుపు గడియ పెట్టుకునింది. వాళ్ళు ఎర్రటెండలో కడంబూరు దిక్కుగా పోయినారు. మళ్ళా ఎవరికీ కనపడలేదు. దాహంతో దారిలోనే చచ్చింటారని అమ్మమ్మకు దిగులు. ఆమె పోయినాక ఆ దిగులు మా అమ్మకొచ్చింది.

ఈ ఏడు అమ్మ మంచం పట్టింది. "వాళ్ళను చంపింది మా అమ్మేనా ఏమే?" అని ఒకటే అడగడం. కాఫీ ఇస్తే అదే మాట, కంచం ముందర అదే మాట. అసలే ఒకచోట కుదురుగా కూచునే గుణం కాదు నాది. విమానాలు బాగుచేసే పనిలో ఉండి రిటైరయిన పెద్దాయన విరుదునగర్లో ఉన్నాడని మా ఆయన చెప్పీ చెప్పకముందే, సజ్జలు పోసుకునే కంబు కుండ మీది మూత సంచిలో వేసుకున్నాను. అది ఆ విమానం చెక్కే. కోవిల్‌పట్టిలో శెనక్కాయల కడలమిఠాయి ఒక పొట్లం కొనుక్కొని బస్సెక్కినాను. సాత్తూరులో టీకని బస్సు ఆపితే డ్రైవరుతో పోట్లాడినాను కూడా. పాపం, ఆయనకేం తెలుసు!

పెద్దాయన చెక్కను తిప్పి తిప్పి చూసినాడు. పెద్ద బాంబు విమానాలు నడపబోయే పిల్లలు ముందు వీటిలోనే నేర్చుకునేవాళ్ళంట. ఇనుమూ అల్యూమినియమూ యుద్ధానికి కావాలి కదా, అందుకని కొన్నిటిని చెక్కతో, గుడ్డతో చేసినారంట. యుద్ధం అయిపోయినాక వాటినెవరు పట్టించుకుంటారు? మన ఎండకూ వానకూ బంక విడిపోయి, ఎన్నో పొయ్యిలోకే పోయినాయంట. అంతా నేను నిలబడే విన్నాను.

"అదంతా సరే అయ్యా, ఆ ఇద్దరూ బతికినారా లేదా?" అన్నాను.

"విమానాన్ని తర్వాత ఏం చేసినారు?" అని పెద్దాయన ఎదురడిగినాడు.

"మూడో నాడో నాలుగో నాడో సిపాయిలు లారీలో వచ్చి ఇంజన్లు ఎత్తుకుపోయినారు. చెక్కలు ఊరోళ్ళు తెచ్చుకున్నారు."

"ఏమ్మా, మీ చేలో పడిందని సిపాయిలకు ఎవరు చెప్పినట్టు?"

ఇన్నేండ్లలో మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదే ఈ మాట! వాళ్ళే కడంబూరు స్టేషను చేరి చెప్పినారు. బతికినారు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా అమ్మకు చెప్పినాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె మొగం వాడిపోయింది.

"బతికిరా? అయితే బతికినన్నాళ్ళూ చెప్పుకునుంటారు కదే, ఆ ఊర్లో గుక్కెడు నీళ్ళు పుట్టలేదని."

"అయ్యో రామా! చచ్చినా ఏడుపే, బతికినా ఏడుపేనా నీకు?" అని అరిచేసినాను. కోపం కాదది, ఏడుపు.

"ఇంక వాళ్ళకు ఆకులొద్దు. చెంబులు మాత్రం దినమూ పెట్టు. తలుపు తెరిచిపెట్టు," అనింది అమ్మ.

కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. కాకులు తాగినాయి. ఒక మధ్యాన్నం నేను వాకిలి ఊడుస్తా ఉంటే దుప్పట్ల మూట మోసుకొని ఒకతను నేరుగా వాకిట్లోకొచ్చేసినాడు. ఉత్తరాది మనిషి. ఏమేమో చెప్పినాడు, ఒక్క ముక్క తెలియలేదు. గబగబా లోపలికి పోయి తలుపు మూసినాను. చెయ్యి గడియ మీద ఉంది. సందులోంచి చూస్తే, అతను చెయ్యి నోటికి పెట్టి చూపిస్తా ఉన్నాడు.

"ఎవరే?" అనింది అమ్మ మంచంలోంచి.

తలుపు తీసి, తిన్నె మీది చెంబు అతని చేతికిచ్చినాను. "దాహమంట మా," అన్నాను.

"ఆ రెండోదీ ఇయ్యి," అనింది అమ్మ.