చిన్నమ్మ ఇచ్చిన చేను

నాందేడ్ దగ్గర, నాయ్‌గావ్ అవతల ఉండే మా ఊళ్లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఏది నోటికొస్తే అది మాట్లాడేవాళ్లం. డెబ్బైల మొదట్లో వచ్చిన పెద్ద కరువులో ఊరి బావులన్నీ ఎండిపోయాయి. మా చిన్నమ్మ చేలోని బావిలో మాత్రం అడుగున కాస్త ఊట మిగిలింది. చిన్నమ్మ అంటే మా బాపు, అంటే నాన్న, తమ్ముడి భార్య. చిన్నబాపు పాము కరిచి చనిపోయాక, పిల్లలు లేని ఆమె ఒంటరిగానే ఆ నల్లరేగడి చేను సాగు చేసుకునేది.

ఆ కరువులో ఆమె తన బావికి కాపలా పెట్టలేదు. ఎవరొచ్చినా తోడుకుపొమ్మంది. అది చూసే బాపుకు ఒక ఆలోచన పుట్టింది. వానలు పడ్డాక, బావి చుట్టూ ఉన్న చేలన్నీ కలిపేసి, గట్లు తీసేసి, ఐదారు ఇళ్లవాళ్లం ఉమ్మడిగా సాగు చేద్దామన్నాడు. ఎరువు మన పశువులదే, విత్తనం మనదే, పండింది అందరం పంచుకుందాం అన్నాడు. బాపు మంచి మాటకారి. అయినా గట్టు తీయడానికి ఎవరికీ చేయి రాలేదు.

ముందు ఒప్పుకున్నది చిన్నమ్మే. వాకిట్లో నిలబడి కొంగు తలమీదికి లాక్కుంటూ అంది. "నాకెవలున్నరు బావ. అందరు కలిసి చేస్తే నా చేను గూడ పచ్చగుంటది. బావి గూడ అందరిదే అనుకోండ్రి."

ఆమె ఇచ్చాక మిగతావాళ్లకు ఇవ్వక తప్పలేదు.

మొదటి కొన్నేళ్లు నిజంగానే బాగా గడిచాయి. ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర వేసేవాళ్లు. కోతలయ్యాక గొర్రెల మందలను చేలో పడుకోబెట్టేవాళ్లు. మంచి కంకులు ఏరి, బూడిద, వేపాకు కలిపి విత్తనం దాచే పని చిన్నమ్మది. కలుపు తీసేటప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే సాలు చివరి దాకా ఆడవాళ్లందరూ అందుకునేవాళ్లు. పంట మీద వచ్చే అమావాస్య పండగ ఎల్లమాస నాడు చేలోనే పొయ్యి పెట్టి, అన్ని ఇళ్ల అంబలి ఒకే కుండలో పోసి తాగేవాళ్లం. ఏ ఇంటి అంబలి పులిసిందో ఎవరికీ తెలిసేది కాదు.

పేరు బయటికి పాకింది. నాందేడ్ నుంచి జీపుల్లో పెద్దమనుషులు రాసాగారు. వాళ్లొచ్చినప్పుడల్లా బాపు తెల్ల ధోతి కట్టి, ఆడవాళ్లను వరసగా నిలబెట్టి పాడించేవాడు. ఒకసారి ఒక ఆఫీసరు పాట మధ్యలోనే చేయెత్తి, మరాఠీలో పాడమన్నాడు.

"మరాఠిల మాట్లాడుత సార్. పాట రాదు," అంది చిన్నమ్మ.

జీపు వెళ్లిపోయాక బాపు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఏదో రెండు ముక్కలు పాడరాదా? పెద్దోళ్ల ముందట పరువు తీస్తివి." ఆ తర్వాత జీపులో వచ్చినవాళ్ల కోసం బాపు నాయ్‌గావ్ నుంచి భజన మేళాన్ని పిలిపించాడు. చేలో ఎన్నడూ కాలుపెట్టని వాళ్లు చేను పాటలు పాడారు. చిన్నమ్మ అందరికీ చాయ్ కాచింది.

తర్వాత బావికి కరెంటు మోటారు వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ వస్తోందన్న కబురూ వచ్చింది. మగవాళ్లంతా మా వసారాలో కూర్చుని జొన్న తీసేసి చెరకు పెడదామనుకున్నారు. చిన్నమ్మ గడప దగ్గరి నుంచి అడిగింది. "జొన్న పోతే ఏం తినాలె బావ? పశువులకు సొప్ప ఏడికెళ్లి తెస్తరు?"

"నువ్వు గమ్మునుండమ్మ. ఇది మొగోళ్లు చూసుకునేది," అన్నాడు బాపు. మనదే విత్తనం అని జీపులవాళ్లకు గంటలకొద్దీ చెప్పిన మనిషి అతనే.

చెరకు ఆ బావిని తాగేసింది. నీళ్ల వంతుల దగ్గర మొదలైన తగాదాలు కర్రలదాకా పోయాయి. చివరికి ఉమ్మడి వద్దు, ఎవరి చేను వారిదే అనుకున్నారు. కానీ పాత గట్లు ఎక్కడున్నాయో ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకోలేదు. కొత్తగా పంచారు. పంచినవాడు బాపు. చిన్నమ్మకు వాగు పక్కన గులకరాళ్ల మొరం నేల వచ్చింది. బావి మా వాటాలోకి వచ్చింది.

ఆమె మా ఇంటికొచ్చింది. ఆ రోజు కూర్చోలేదు.

"అది నా బావి గద బావ."

"అప్పుడే అందరిదన్నవు గదమ్మ. నీ నోటితోని నువ్వే అన్నవు," అన్నాడు బాపు, కోపం లేకుండా, పిల్లలకు చెప్పినట్టు. "ఒంటి మనిషివి, బావి పెట్టుకోని ఏంజేస్తవు?"

అందరిదైన బావి మా ఒక్కరి వాటాలోకి ఎట్లా వచ్చిందని నేను అన్నం దగ్గర అడిగాను. అమ్మ నా తొడ గిల్లింది. బాపు మజ్జిగ పోయమన్నాడు.

మొరం నేలలో ఏమీ పండలేదు. రెండు పంటలు పోయాక చిన్నమ్మ కూలికొచ్చింది, మా చెరకులో కలుపు తీయడానికి. ఒకప్పుడు తను దున్నించుకున్న సాళ్లలోనే వంగి పనిచేసేది. పక్కనున్న ఆడవాళ్లు పాట ఎత్తుకోమంటే గొంతు బాగాలేదనేది. కొన్నాళ్లకు ఆ మొరం కూడా వదిలేసి, కిన్వట్ దగ్గర గోకుందలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. పోయేనాడు మా ఇంటి ముందు నుంచే బస్సుకు నడిచింది. లోపలికి రాలేదు. అమ్మ తలుపు చాటు నుంచి చూసింది.

ఎనభైల్లో బాపు పోయాడు. గోకుందకు కబురు పంపాం. "పత్తి ఏరేది ఉన్నది, రాను" అని చెప్పి పంపింది. మా చుట్టాలు ఆమెను రాతిగుండె మనిషి అన్నారు. పదకొండో రోజున నాందేడ్ నుంచి వచ్చిన పెద్దలు, ఊరిని ఒక్కటి చేసిన రైతు అని బాపును పొగిడారు. కూతురిగా నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. ఏం చెప్పాలో నాకు తెలుసు. అది చెప్పే ధైర్యం లేదు, వాళ్లకు కావలసింది చెప్పబుద్ధీ కాలేదు. తల అడ్డంగా ఊపాను. దుఃఖంలో ఉంది పాపం అనుకుని, ఇంకొకాయనను పిలిచారు.