అమలమ్మ పిల్లికి గవదబిళ్ళలు

విజయవాడ మొత్తం మీద మూడుపేటల బంగారు గొలుసు వేసుకుని ఆపరేషన్‌కు వెళ్ళిన పిల్లి ఒక్కటే. అది మా అమలమ్మది. సరే, మూడుపేటలన్నది నేను కలిపింది. ఒంటిపేటే. ఆపరేషన్ బల్ల దాకా కూడా వెళ్ళలేదు, డాక్టరు గారి గదిలోనే అమలమ్మ విప్పేసింది. మిగతాదంతా జరిగిందే.

అమలమ్మ గవర్నర్‌పేటలో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కాన్వెంట్‌లో నా పక్క బెంచీ. రెండో తరగతిలో మా ఇద్దరికీ ఒకేసారి గవదబిళ్ళలు వచ్చాయి. మెడలో బంగారం ఉంటే వాపు లాగేస్తుందని, వాళ్ళమ్మ శౌరమ్మ గారు తన గొలుసును పూటకొకరికి వేసేవారు. నా వంతు రాగానే అద్దం ముందు నుంచి కదిలేవాణ్ణి కాదు. ఆ గొలుసుకు కొబ్బరినూనె వాసన. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నా చెయ్యి దవడ మీదికి పోతుంది.

మొన్న వేసవిలో ఆమె పిల్లి బాబిన్‌కు దవడ కింద నిమ్మకాయంత వాపు వచ్చింది. చేపముక్క పెట్టినా వాసన చూసి తల తిప్పుకునేది.

"గవదలేరా జాన్సన్" అంది అమలమ్మ. శౌరమ్మ గారి గొలుసును నీలం యూనిఫారం పీలికలో పెట్టి కుట్టి, బాబిన్ మెడకు కట్టింది.

"పిల్లికి గవదలేంటే?"

"నీకొస్తే లేని తప్పు దానికొస్తే వచ్చిందా?"

వాపు తగ్గలేదు. ఒక డాక్టరు సూదితో జిగురునీరు తీస్తే, వారానికి మళ్ళీ నిండింది. ఈలోపు బాబిన్ ఎముకలు బయటపడ్డాయి. చివరికి శాంభవి గారనే పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం.

"గవదలు కాదండీ. లాలాజలం వచ్చే గొట్టం చిట్లి, ఉమ్మంతా చర్మం కింద చేరింది. తీసినా మళ్ళీ చేరుద్ది. ఈ పక్క గ్రంథులే తీసెయ్యాలి."

"ఉమ్మే లేకపోతే ముద్దెట్టా మింగుద్దండీ?"

"రెండో పక్కవి ఉంటాయి కదండీ, సరిపోద్ది."

"ముసలిదండీ. మత్తిస్తే లేస్తదా?"

"లేస్తదనే అనుకుంటున్నా. మాటయితే ఇవ్వలేనండీ. చెయ్యకపోతే మాత్రం తిండి లేకే పోద్ది."

అమలమ్మ కత్తెర అడిగి తీసుకుని, బాబిన్ మెడలోని పీలికకు వేసిన తన కుట్టు తనే విప్పింది.

అప్పుడు బడులు తెరిచే జూన్. పెళ్ళిరోజు సాయంత్రం కూడా కొట్టు తెరిచిన మనిషి (ఇదీ కొంచెం కలిపిందే), ఆపరేషన్ రోజు షట్టర్ దించేసి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంది. యూనిఫారాల కోసం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. గొలుసును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఏదో కబురు చెప్పబోయాను.

"నోరు మూసుకోరా" అంది.

కాసేపటికి లోపలి నుంచి ఒక అరుపు వినిపించింది, తాగినవాడి పాటలా. శాంభవి గారు బాబిన్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చారు. అమలమ్మ వంగి, ముందు కుట్లు చూసింది. "దగ్గరగానే వేశారు" అంది. ఆ తర్వాత ఏడ్చింది.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. మిషన్ ఆపకుండానే విన్నది.

"అంతా అబద్ధం. జూన్‌లో నేను కొట్టు మూయడమేంటి? నేనేడవలేదు. అసలు నాకు పిల్లే లేదు."