పగడాలకు సరిపడే దీపం

మా వంశంలో ధర అడిగే అలవాటు లేదు. మా తాత అంగడికి వెళ్లి వస్తువు వైపు వేలు చూపేవారు, అది ఇంటికి వచ్చేది. "ధర అడిగెటోడు కొనెటోడు కాదు" అనేవారు. అలా అడగకుండా కొని కొని కోటలాంటి మా గడి పోయింది, తోటలు పోయాయి. ఆ మాట మాత్రం నా దాకా వచ్చింది. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. ఇన్నేళ్లలో ఎవరి ముందూ మెడ వంచలేదు. నా భార్య దీన్ని మెడనొప్పి అంటుంది.

మా కాలేజీలోనే పనిచేసిన ఒక సహోద్యోగి, కోస్తా నుంచి వచ్చి హయత్‌నగర్‌లో ఉన్నవాడు, బెంగళూరుకు మారిపోతూ తన ఉప్పునీటి అక్వేరియం నాకు ఇచ్చాడు. మూడడుగుల గాజు తొట్టి. రెండు నారింజరంగు చేపలు, రాళ్ల మీద ప్రాణమున్న పగడాలు నాలుగు. వాటిలో ఒకటి చూసిన క్షణమే నన్ను పట్టేసింది. ఆకుపచ్చ కాడలు, ప్రతి కాడ కొసన చిన్న సుత్తి ఆకారం. నీళ్లు కదిలితే అన్నీ కలిసి ఊగేవి. దాన్ని హామర్ అంటారట.

"లైటు మాత్రం అమ్మేశానండి" అన్నాడతను. "పగడం బతికేదే వెలుతురు మీదండి. దాని ఒంట్లో ఉండే నాచు వెలుతురు తిని దానికి పెడుతుంది. వారం లోపల ఏదో ఒకటి పెట్టేయండి. సెకండ్ హ్యాండ్‌ది ఒకటి నాకు తెలుసు, చెప్పమంటారా?"

"ఒకరు వాడిన దీపం మా ఇంట్లో పెట్టం" అన్నాను.

అతను నా ముఖం చూసి, తొట్టి ఎత్తడానికి ఒక చెయ్యి వేశాడు. ఒకరు వాడిన తొట్టి, ఒకరు పెంచిన చేపలు తీసుకున్న సంగతి ఇంటికి వచ్చాక గాని నాకు తట్టలేదు.

నగరంలో అక్వేరియం సామాను అమ్మే దుకాణానికి వెళ్లాను. విదేశీ లైటు పెట్టె మీద ధర అచ్చువేసి ఉంది కాబట్టి అడిగే అవసరం రాలేదు. అది నా రెండు నెలల జీతం. "ఆకారం బాగాలేదు" అని చెప్పి బయటికి నడిచాను. దుకాణదారు మంచివాడు, "వేరే షేప్ చూపిస్తా సార్" అంటూ మెట్ల దాకా వెంటపడ్డాడు.

దీపమంటే మా వాళ్లకు ఎక్కువే ఉండాలి. పెళ్లి ఊరేగింపులో ఎన్ని గ్యాస్ లైట్లు వెలిగాయన్నదాన్ని బట్టి ఇంటి గొప్ప తేల్చేవారు. ఆ లెక్కే నా ఒంట్లోనూ ఉంది. సాగర్ రోడ్డు మీది ఎలక్ట్రికల్ షాపులో అన్నిటికన్నా పెద్ద తెల్ల ఫ్లడ్‌లైటు వైపు వేలు చూపాను. తొట్టి మీద బిగించి, ల్యాబ్ నుంచి తెచ్చిన మీటరుతో వెలుతురు కొలిచాను. అంకె ఎంత పెద్దగా వచ్చిందంటే, చూసి మురవడానికే మరోసారి కొలిచాను.

నా భార్య వంటింటి గుమ్మంలో కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. "ఏంది, ఇంట్ల పెండ్లా? నాకు చెప్పకుంట ఎవలకు జేస్తున్నవ్?"

"పగడాలకు వెలుతురు కావాలి."

"వాటికి కావాలెనో, నీకు కావాలెనో."

మూడో రోజుకు చేపలు రాళ్ల వెనక చేరాయి. అయిదో రోజుకు గాజు మీద గోధుమరంగు జిగురు కట్టింది. హామర్ కాడలన్నీ దాని రాతి కొమ్మల్లోకి ముడుచుకుపోయాయి, ఒక కొమ్మ కొస తెల్లబడింది. బెంగళూరుకు ఫోన్ చేశాను.

"ఫ్లడ్‌లైటా సార్?" అన్నాడతను. "అది మన కంటికి వెలుతురండి. దానికి నీలం కావాలి. పైగా చీకట్లో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఎండలో నిలబెట్టేశారు. విడి ఎల్ఈడీలతో ఎవరి చేతనైనా కట్టించండి, ఖర్చు తక్కువే. నీలంవి ఎక్కువ, తెల్లవి కొన్ని, ఒక డిమ్మర్. బాగా తగ్గించి మొదలుపెట్టండి. రెండు మూడు రోజుల్లో చెయ్యకపోతే హామర్ దక్కదండి."

ఊళ్లో నీలం లైట్ల సంగతి తెలిసినవాడు ఒకడున్నాడు. ఫంక్షన్ హాళ్లకు లైటింగ్ పెడతాడు. అతని దుకాణం ముందు నుంచి ఏళ్ల తరబడి తల తిప్పకుండా నడిచాను. అతని తాత మా ఇంటి పెళ్లిళ్లలో గ్యాస్ లైట్లు నెత్తిన మోసినవాడు. ఇతను నన్ను రోడ్డు అవతలి నుంచి నలుగురిలో "దొరా" అని పిలుస్తాడు. అది మర్యాదో పరాచికమో నాకు తెలియదు.

"నీ మెడ ఉండాల్నా, పగడం ఉండాల్నా, తేల్చుకో" అంది నా భార్య.

వెళ్లాను. అతను స్పీకరు పెట్టె మీద కూర్చుని వైర్లు అతుకుతున్నాడు.

"రా దొరా. ఇన్నేండ్లకు తొవ్వ తప్పినవా?"

విషయం చెప్పాను. అతను ముసిముసిగా నవ్వాడు. "ఎంత పెద్దగ గావాలె? మీ ఇంట్ల చిన్నది పెట్టరు గద."

"తక్కువ కావాలి" అన్నాను. దీపం గురించి ఆ మాట మా ఇంట్లో ఎవరూ అని ఉండరు.

అతను నవ్వు ఆపి, ఒక పాత శుభలేఖ వెనక బొమ్మ గీశాడు. అల్యూమినియం పట్టీ, దాని మీద వరసగా నీలం ఎల్ఈడీలు, మధ్యమధ్య తెల్లవి, వేడి లాగడానికి పాత కంప్యూటరు ఫ్యాను. "గీ నీలంయి స్టేజి మీద పెండ్లిపిల్ల ఎనక ఏస్త. నీ పగడానికి నడుస్తయో నడువయో నాకు తెల్వది. ఒకటి తీస్కపోయి చూస్కో."

ఒకటి ల్యాబ్‌కు తీసుకెళ్లి, వెలుతురును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోమీటరు ముందు వెలిగించాను. బెంగళూరు నుంచి చెప్పిన నీలమే వచ్చింది. ఆ పరికరం మీద విద్యార్థుల చేత ఎన్నో ప్రయోగాలు చేయించాను గాని, దాని జవాబు నాకే కావలసి రావడం అదే మొదటిసారి.

మళ్లీ దుకాణానికి వెళ్లి నిలబడ్డాను. "ధరెంత, అన్నా?"

అతని చేతులు ఆగాయి. "మీ తాత ఎన్నడు అడగలె. మా తాతకు తన కూలి ఎంతనో సచ్చేదాక తెల్వలె. చేతుల ఎంత వెడితె గంతే."

కోపంగా అనలేదు. వైరు కొసను పళ్లతో ఒలుస్తూ అన్నాడు. ధర అడగకపోవడం ఉదారత అనుకుంటూ ఇంత వయసు వచ్చింది నాకు.

అతను ధర చెప్పాడు. ఫ్లడ్‌లైటుకు ఇచ్చినదాని కన్నా కాస్త ఎక్కువ, అంతే.

"సరే" అన్నాను.

"సరే అంటె గాదు. బేరం జెయ్యాలె."

"నాకు రాదు."

"నేర్చుకో. జర తగ్గియ్యమను."

"జర తగ్గించు."

"తగ్గియ్యను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు.

మర్నాడు సాయంత్రానికి లైటు కట్టి ఇచ్చాడు. డిమ్మర్ చుట్టూ పెన్సిలుతో గీతలు గీసి, మొదటి గీత దగ్గర పెట్టాను. "గిదేంది, బెడ్‌లైటా?" అంది నా భార్య. రెండు రోజులకు ఒక గీత చొప్పున పెంచాను. రెండో గీతకు చేపలు బయటికి వచ్చాయి. హామర్ మాత్రం రాయిలాగే ఉంది. తెల్లబడిన కొమ్మ రాలిపోయింది. తక్కినవీ పోయాయనుకుని మూడో గీత పెట్టిన రోజు కాలేజీలో ఒక బ్యాచికి తప్పు రీడింగు దిద్దకుండా సంతకం పెట్టేశాను.

నాలుగో గీత రోజు ఇంటికి వచ్చేసరికి నా భార్య గేటు దగ్గరే ఉంది. "చెప్పులు తర్వాత ఇడుద్దువు, జల్ది రా" అంది.

మిగిలిన కొమ్మలన్నిటి నుంచీ కాడలు బయటికి వచ్చాయి. ముందులా పొడుగ్గా కాదు, వేలి కణుపంత. కాని ఆకుపచ్చ అదే, ఊగడం అదే.

లైటింగ్ అన్నకు కబురు చెప్పాను. రావిర్యాలలో ఫంక్షనుకు వెళ్తూ, వ్యాను మా వీధిలో ఆపి లోపలికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని తొట్టి ముందు నిలబడ్డాడు.

"ఊగుతున్నది" అన్నాడు. "గిదంత గీ లైటుకేనా?"

"ఈ లైటుకే."

ఇంకా బాగా కనిపించాలని నా చెయ్యి డిమ్మర్ మీదికి పోయింది. అతను తొట్టి మీంచి చూపు తిప్పకుండానే నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనియ్యి. దానికి సల్లగున్నది."

చెయ్యి తీసేశాను. బయట వ్యాను డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. అతను కదల్లేదు.