బోంజూర్ చెప్పకపోతే సరుకు లేదు

నసీమున్నీసాకు ఇంటర్మీడియట్ ఫ్రెంచ్ పేపర్‌లో నూటికి తొంభై ఏడు మార్కులు వచ్చాయి. అప్పటికి ఆమెకు ఫ్రెంచ్ రాదు.

గుంటూరులో ఆమె చదివిన కాలేజీలో ఫ్రెంచ్‌ను మార్కులు తెచ్చే పేపర్‌గానే చూసేవారు. పదిహేను వ్యాసాలు, ఆరు ఉత్తరాలు ఉన్న గైడు ఒకటి చేతికిచ్చారు. చదవడానికి వీలుగా ప్రతి ఫ్రెంచ్ లైను కిందా తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసి ఉండేది. ఆమె దాన్ని అట్ట నుంచి అట్ట దాకా కంఠతా పట్టింది.

డిగ్రీ అయ్యాక విజయవాడలో ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లింది. దరఖాస్తులో ఫ్రెంచ్ వచ్చని రాసింది. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన ఫ్రెంచ్‌లో నీ పేరేమిటని అడిగాడు. నసీమున్నీసా 'మా కుటుంబం' వ్యాసం మొదలుపెట్టింది. మా ఇంట్లో నలుగురం, మా ఇల్లు చిన్నది, మా నాన్న మంచివాడు, మా అమ్మ వంట బాగా చేస్తుంది. ఆమె పేరు అయిదో వాక్యంలో వస్తుంది. అయిదో వాక్యం దాకా ఆగకుండా చెప్పేసింది.

పెద్దాయన ఓపిగ్గా విని, "అమ్మాయ్, నేను పేరొక్కటే అడిగాను" అన్నాడు తెలుగులో.

ఆమె తండ్రి నాగూర్ వలి చిలకలూరిపేటలో టైలరు. కూతురు చెప్పింది విని, చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "సర్టిఫికెట్ ఉంది, చదువు లేదు. పోయి చదువు తెచ్చుకో" అన్నాడు. ఆమె పుదుచ్చేరి వెళ్లి ఏడాదిన్నర ఉండి, అ ఆల నుంచి మళ్లీ నేర్చుకుంది. ఇప్పుడామెకు నలభై ఒకటి. ప్రతి జూన్‌లో కొత్త పిల్లలకు మొదటి పాఠంగా ఆ ఇంటర్వ్యూ కథే చెబుతుంది. పిల్లలతో పాటు తనూ నవ్వుతుంది.

పేట నుంచి ఒంగోలు వైపు వెళ్లే రోడ్డు పక్కన ఉన్న ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆమె పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఇష్టమైన వాళ్లు ఫ్రెంచ్ తీసుకోవచ్చు. తీసుకోని వాళ్లు ఆ పీరియడ్‌లో అదనంగా లెక్కలు చేస్తారు. పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల మిరప, పత్తి రైతుల బిడ్డలు. అందరూ ఆమెను ఫ్రెంచి మేడం అంటారు.

ఆమె క్లాసులో రెండు నియమాలు. నోటుబుక్కులో ఫ్రెంచ్ మాటను తెలుగు అక్షరాల్లో రాయకూడదు. నిన్న చెప్పిన వాక్యాన్ని ఇవాళ ఉన్నదున్నట్టు చెప్పకూడదు, ఒక్క మాటైనా మార్చాలి. అందుకే 'నేను రొట్టె తింటాను' అన్న పాఠంలోని వాక్యం వారం తిరిగేసరికి ఇడ్లీ, పెసరట్టు, మామిడికాయ పప్పు మీదుగా వెళ్లి ఎక్కడో ఆగుతుంది. మాటలతో పాటు అక్కడి మనుషుల సంగతులు కూడా చెబుతుంది. బజారు నుంచి పొడుగాటి రొట్టెను చంకలో పెట్టుకుని ఇంటికి నడిచిపోతారని చెబితే పిల్లలు నమ్మలేదు. బుధవారం మధ్యాహ్నం చాలా హైస్కూళ్లలో క్లాసులుండవని తెలిసిన రోజున సగం క్లాసు ఫ్రాన్స్‌లో స్థిరపడిపోవడానికి సిద్ధమైంది.

గత ఫిబ్రవరిలో కరస్పాండెంటు శివరామకృష్ణ ఆమెను ఆఫీసుకి పిలిపించాడు. ఆయనకు స్కూలుతో పాటు మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ కూడా ఉంది. రెండింటిలోనూ ఖాళీ కనబడితే ఆయనకు నిద్ర పట్టదు.

"ఇరవై ఫారాలండీ మేడం" అన్నాడు. "వచ్చే ఏడు ఎనిమిదికొచ్చే పిల్లల తల్లిదండ్రులు, ఇప్పుడు చదువుతున్న వాళ్ల తల్లిదండ్రులు, అందరూ కలిపి ఇరవై మంది ఫ్రెంచ్ కావాలని సంతకం పెడితే ఉంచుతాను. పందొమ్మిదొచ్చినా ఆ పీరియడ్లు లెక్కలకే."

"ఎప్పటిలోగా సార్?"

"శనివారం పేరెంట్స్ మీటింగు. సోమవారం పొద్దున నా టేబుల్ మీద ఉండాలి."

ఆమెకు ఆ స్కూల్లో వేరే సబ్జెక్టు లేదు. ఫ్రెంచ్ పోతే ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు. ఆ ఏడు ఇళ్లకు పంపిన ఫారాల్లో అప్పటికి సంతకంతో తిరిగొచ్చినవి తొమ్మిది.

"మీటింగులో పిల్లల చేత మంచి స్పీచి ఒకటి చెప్పించండి" అని శివరామకృష్ణే సలహా ఇచ్చాడు. "రెండు పేజీలు బట్టీ పట్టించి గడగడా చెప్పిస్తే జనం పడిపోతారు."

"గడగడా నేనూ చెప్పాను సార్ ఒకప్పుడు. ఉద్యోగం రాలేదు."

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు మార్కు ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. "మీ పీరియడ్లు నాకే తగిలిస్తారంట కదండీ? దణ్ణం పెడతా, ఎట్టాగైనా నిలబెట్టుకోండి. ఉన్న క్లాసులకే నా గొంతు పోయింది."

"మీ గొంతు కోసమైనా నిలబెడతాను మాస్టారూ" అంది నసీమున్నీసా.

శనివారం పొద్దున హాల్లో స్పీచి లేదు. వేదిక మీద ఒక కూరగాయల కొట్టు వెలిసింది. రెండు బెంచీలు, వాటి మీద గోనెపట్టా, టమాటాలు, వంకాయలు, గుప్పెడు పండుమిరప కాయలు. ప్రతి గుట్టలోనూ ధర రాసిన పలక. ఎనిమిదో తరగతి హారిక కొట్టు యజమానురాలు. అదే క్లాసు మీరావలి సంచి పట్టుకుని వచ్చే కొనుగోలుదారు.

మిరప కోతల రోజులు. వచ్చిన తల్లిదండ్రుల్లో సగం మంది తెల్లవారుజామున కళ్లంలో కాయలు ఆరబోసి అటునుంచటే వచ్చారు. వాళ్ల బట్టల నుంచి లేచిన ఘాటుకి ముందు వరసలో తుమ్ములు మొదలయ్యాయి.

మీరావలి వచ్చి బోంజూర్ అన్నాడు. హారిక బోంజూర్ అంది. అతను కిలో టమాటాలు అడిగాడు. ఆమె తూచి ఇచ్చింది. అతను థాంక్స్‌కి బదులు మెర్సి అని, వీడ్కోలు చెప్పి వెళ్లిపోయాడు. అంతా సరిగ్గా ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. శివరామకృష్ణ ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

రెండో వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ఆమె సుబ్బరావమ్మ, హారిక నాయనమ్మ. నాలుగెకరాల మిరప చేను ఇప్పటికీ ఆమె మాట మీదే నడుస్తుంది.

"ఒరేయ్ అబ్బాయ్, ఆగు!" అంది. "బేరం ఆడకుండా సంచిలో పోసుకుపోతావేందిరా? మీ అమ్మ నిన్ను బజారుకెట్టా పంపుతందిరా?"

హాలంతా గొల్లుమంది. మీరావలి మేడం వైపు చూశాడు.

"అక్కడ కూరలకి చాలా చోట్ల బేరం ఉండదండీ. పలక మీద రాసిందే ధర" అంది నసీమున్నీసా.

"ఆడు రాస్తే మనం ఇచ్చేయడమేనా? ఉండండి, నే కొంటా." సుబ్బరావమ్మ అప్పటికే వేదిక మెట్లెక్కుతోంది.

ఇది పాఠంలో లేదు. ఎవరూ దీన్ని సాధన చేయలేదు. నసీమున్నీసా ఒక్క మాట అందిస్తే హారిక గట్టెక్కేది, కానీ అప్పుడా మాట మేడందే అవుతుంది. ఆమె చేతులు కట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి గోడకానుకుంది.

సుబ్బరావమ్మ నేరుగా టమాటా అందుకుని నొక్కి చూసింది. "ఏందే ఇది, మెత్తగా ఉంది? కిలో ఎట్టా ఇస్తన్నావ్?"

శివరామకృష్ణ ఫోను జేబులో పెట్టి ముందుకు వంగాడు.

"బోంజూర్, మదామ్" అంది హారిక.

"బోంజూరు సరేలే, కిలో ఎంత?"

హారిక నాయనమ్మ చేతిలోంచి టమాటా తీసుకుని గుట్టలో పెట్టేసింది. ఇంకాస్త గట్టిగా, "బోంజూర్, మదామ్!" అంది.

కింద కూర్చున్న పిల్లలు అరిచారు: "అవ్వా, ముందు నువ్వు బోంజూర్ చెప్పాలి! చెప్పకపోతే సరుకివ్వరు! అక్కడ కొట్లోకి పోతే ముందు పలకరించాలి!"

"నా మనవరాలు నాకే సరుకివ్వదంటరా?" అని సుబ్బరావమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపు మనవరాల్ని ఎగాదిగా చూసి, "సరే, బోంజూరు" అంది. హాల్లో చప్పట్లు పడ్డాయి.

ఆ తర్వాత బేరం మొదలైంది. ఇటు తెలుగు, అటు ఫ్రెంచ్. సుబ్బరావమ్మ సగం ధర అడిగింది. హారిక పలక వైపు వేలు చూపించి, ధర అదేనంది. పుచ్చులున్నాయని ఆమె వంకాయలు తిరగేసింది. మా తోటవే మదామ్, ఈ పొద్దున కోసినవి, చాలా బాగుంటాయి అంది హారిక. ఆ వాక్యం ఏ పాఠంలోనూ లేదు. 'మా ఇల్లు', 'ఈ పొద్దున', 'చాలా బాగుంది' అని వేర్వేరు రోజుల్లో నేర్చుకున్న ముక్కలను పక్కపక్కన పెట్టుకుని ఆ పిల్ల అప్పటికప్పుడు అల్లుకుంది. క్రియ ఒకటి తప్పింది. నసీమున్నీసా సరిదిద్దలేదు. కింద పిల్లలు ప్రతి ముక్కా తెలుగులో చెబుతున్నారు, పెద్దవాళ్లు నవ్వుతున్నారు.

చివరికి సుబ్బరావమ్మ పలక మీది ధరకే ఒప్పుకుంది. సంచిలో సరుకు పడ్డాక కూడా కదల్లేదు. సంచి నోరు తెరిచి అలాగే పట్టుకుంది.

"కొసరెయ్యవే."

కొసరుకి ఫ్రెంచ్‌లో ఏమంటారో హారికకు ఎవరూ చెప్పలేదు. పైన కొంచెం అదనంగా వెయ్యడం ఆ పాఠంలోని కొట్టులో లేనేలేదు. పిల్ల మేడం వైపు చూసింది. మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

హారిక రెండు టమాటాలు తీసి సంచిలో వేసింది. మీకు, నాయనమ్మా, రెండు టమాటాలు అంది ఫ్రెంచ్‌లో. తర్వాత హాల్లో ఉన్న జనం వైపు తిరిగి, మిగతా వాళ్లకు సున్నా అంది.

దాన్ని ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేకపోయింది.

నవ్వులు ఆగాక హారిక తండ్రి వెంకయ్య లేచాడు. "బాగానే ఉంది మేడంగారూ. ఇది చదివితే మా పిల్లకేం వస్తదో చెప్పండి."

"ఉద్యోగం వస్తుందని నేను చెప్పనండి" అంది నసీమున్నీసా. "ఫ్రాన్స్ పోతుందనీ చెప్పను. తను చదవని ప్రశ్న ఎవరైనా అడిగితే తలొంచుకుని నిలబడదు, ఉన్న నాలుగు మాటలతోనే జవాబు చెబుతుంది. ఇప్పుడు మీరే చూశారు. దానికి పూచీ నాది."

"లెక్కలు పోతాయి గదండీ?"

మార్కు మాస్టారు వెనక నుంచి అందుకున్నాడు. "ఆ అమ్మాయికి లెక్కలు నేను చెబుతున్నానయ్యా. వారానికి ఆరు పీరియడ్లున్నాయి. ఆరులో రానివి ఎనిమిదిలో రావు."

వెంకయ్య ఇంకా ఆలోచిస్తుండగానే సుబ్బరావమ్మ ఫారం అతని ఒళ్లో పెట్టింది. అతను సంతకం చేశాడు.

మధ్యాహ్నానికి ఫారాలు పదిహేడయ్యాయి. శివరామకృష్ణ స్వయంగా లెక్కపెట్టాడు. "పిల్లకాయలు అదరగొట్టారు మేడం, కాదన్ను. కానీ పదిహేడే."

"రానివాళ్లు తొమ్మిది మందున్నారు సార్. కోతల్లో ఉన్నారు. సోమవారం పొద్దున అన్నారు కదా. మధ్యలో ఆదివారం ఉంది."

ఆదివారం పొద్దున ఆమె స్కూటీ మీద బయలుదేరింది. ఫారాలు, పెన్నులు, తడిగుడ్డ ఒకటి సంచిలో పెట్టుకుంది. మొదటి చేలో ఒక తల్లి, కాయలు కోసి మండుతున్న వేళ్లను ఆ గుడ్డకు తుడుచుకుని సంతకం పెట్టింది. రెండో చోట తండ్రి లెక్కలే కావాలన్నాడు. ఆమె వాదించకుండా నమస్కారం పెట్టి వచ్చేసింది. ఒక కళ్లంలో మిర్చి నింపిన టిక్కీ బస్తాలు కుడుతున్న రైతు, పెద్దావిడ బేరం గురించి అప్పటికే విని ఉన్నాడు. "మా వాడు కూడా అట్టా ఎదురు మాట్లాడతాడా అండీ?" అని అడిగాడు. పక్కనే ఉన్న కొడుకుని నసీమున్నీసా ఫ్రెంచ్‌లో నీ పేరేమిటని అడిగింది. వాడు వచ్చే ఏడు ఎనిమిదికి రావాలి, ఒక్క పాఠం కూడా వినలేదు. ఆమె తన గుండె మీద చెయ్యి పెట్టుకుని పేరు చెప్పి, వాడి వైపు వేలు చూపించింది. వాడు తన పేరు చెప్పాడు. పేరొక్కటే చెప్పాడు.

"అయిపోయింది. మొదటి పాఠం వచ్చేసింది" అందామె. రైతు పెన్ను తీసుకున్నాడు.

సోమవారం పొద్దున ఆమె టేబుల్ మీద పెట్టినవి ఇరవై రెండు ఫారాలు. కొన్నింటి అంచులకు మిరప రంగు అంటింది. శివరామకృష్ణ రెండుసార్లు లెక్కపెట్టి, రెండుసార్లు తుమ్మి, వచ్చే ఏటి టైంటేబుల్ కాగితం ముందుకు లాక్కున్నాడు.

"పొద్దుటి పీరియడ్లన్నీ లెక్కలకి, సైన్సుకి ఇచ్చేశాను మేడం. మీకు భోజనాల తర్వాతదే మిగిలింది. పిల్లకాయలు జోగుతుంటారు ఆ టైములో."

"ఇవ్వండి సార్" అంది నసీమున్నీసా. "నా క్లాసులో జోగడానికి వీలుపడదు."